పొట్లం మడత

జూన్ 3

డాక్టరమ్మ రాయమంది. ఏ రోజు ఎన్నిసార్లు ఆవిర్లు వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, కీళ్లు ఎక్కడెక్కడ పట్టేశాయి, అన్నీ ఒక పుస్తకంలో రాసి తెమ్మంది. రాస్తున్నాను. ఆమెకు చూపిస్తానో లేదో చెప్పలేను. చూసి ఇంకో మాత్ర రాస్తుంది. వాళ్లకు తెలిసిన విద్య అదే.

ఇవాళ ఆరుసార్లు. ఒకటి నేను పాలు పరీక్ష చేసే కేంద్రంలో, పొద్దున వరస మధ్యలో. మొహమంతా ఎర్రబడి చెమటలు కారాయి. శాంపిల్ సీసా మూత బిగిద్దామంటే వేళ్లు వంగలేదు. నాకు కోపం వచ్చిందనుకుని వరసలో ఇద్దరు క్యాన్లు తీసుకుని వెనక్కి జరిగారు. వాళ్ల పాలు రెండుసార్లు చూశాను. నీళ్లున్నాయి.

ఆపరేషన్ అయి రెండేళ్లు. ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత సెలైన్లు, జుట్టు ఊడటం, మళ్లీ రావడం, అన్నీ అయ్యాయి. మిగిలింది ఈ మాత్ర ఒక్కటే. రోజుకొకటి, అయిదేళ్లు. క్యాన్సర్ తిరిగి రాకుండా అట. రానిదాన్ని రాకుండా ఆపింది మాత్రేనని ఎవరు తేలుస్తారు? పాలల్లో నీళ్లుంటే లాక్టోమీటర్ చెబుతుంది. నా ఒంట్లో ఏముందో ఇంట్లో కూర్చుని చూసుకునే సాధనం లేదు. వాళ్లు చెప్పింది వినాలి.

జూన్ 9

నీళ్ల పెద్దమ్మ ఇవాళ మంచి పాలు తెచ్చింది. అప్పుడే అనుమానం వచ్చింది, ఏదో పని పడిందని.

"అమ్మాయ్, నీ చెమట చూడలేకపోతున్నాను. మా చెల్లెలి కూతురికీ ఇలాగే ఉండేది. పొడి మాస్టారు పదిహేను రోజుల్లో తీసేశాడు. పైసా తీసుకోడు."

"పైసా తీసుకోకపోతే ఏం తింటాడు?"

"పింఛను తింటాడు. నీకెందుకు? రోగం నీదా, ఆయన పింఛను నీదా?"

ఇరవై ఏళ్లుగా పాలల్లో నీళ్లు కలిపి, పట్టుకుని ముఖం మీదే అడిగినా "రాత్రి వాన పడిందమ్మా, క్యాను మూత సరిగ్గా లేదు" అనే మనిషి. ఆమె మాట మీద ఎవరు వెళతారు?

జూన్ 14

వెళ్లాను. ఊరికే చూద్దామని.

లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. ముందు గదిలో బడి బెంచీలు రెండు. గోడ పొడుగునా గాజు జాడీలు, వాటి మీద గుండ్రటి చేతిరాతతో అంకెలు. పేర్లు లేవు. అడిగితే, పేరు తెలిస్తే జనం ఇంట్లో సొంతంగా నూరుకుని పాడుచేసుకుంటారన్నాడు. తన పాలల్లో ఏం కలిపాడో చెప్పనివాడు కూడా ఇలాగే ఏదో ఒక మంచి కారణమే చెబుతాడు.

నా చెయ్యి పట్టి నాడి చూశాడు. కళ్లు మూసుకుని చాలాసేపు చూశాడు. ఆసుపత్రిలో ఎవరూ నా చెయ్యి అంతసేపు పట్టుకోలేదు.

"ఆ మాత్ర మానెయ్యాలమ్మా. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

"మానేస్తే మళ్లీ వస్తుందేమో?"

"మా ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదు. పొద్దున ఏడింటికి, గడియారం చూసి మింగేది." పక్క గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాడు. ఆవిడది కూడా క్యాన్సరే.

డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బాగైతే మాత్రం పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాలట. ఇంకొకరికి ధైర్యం అట. డబ్బు అడిగి ఉంటే ఇంత అనుమానం వచ్చేది కాదు.

మూడు వారాలకు ఇరవై ఒక్క పొట్లాలు. పిల్లల పాత పరీక్ష కాగితాలు చింపి కట్టాడు. ఒకదాని మీద ఎర్ర సిరాతో సున్నా ఉంది. ఉత్తరం మడిచినట్టు మడిచి వదిలేస్తాడు, చివరలు తెరుచుకుని సంచీ అంతా పొడి రాలింది. మా ఆయన చూస్తే నవ్వి చచ్చిపోతారు. ఇంటి ముందు గదిలో మా కిరాణా కొట్టు. ప్లాస్టిక్ కవర్లు వచ్చి ఎన్నేళ్లయినా మా ఆయన కాగితం పొట్లాలే కడతారు.

ఆయనకు చెప్పాను, ఒంట్లో సత్తువకు పొడి తెచ్చుకున్నానని. మాత్ర సంగతి చెప్పలేదు. అబద్ధం కాదు. అడగలేదు, చెప్పలేదు.

జూన్ 15

పొడి వేసుకున్నాను. మాత్ర బాత్రూం జాలీలో వేసి నీళ్లు పోశాను.

జూన్ 24

ఆయన పొద్దున "మాత్ర వేసుకున్నావా?" అన్నారు. ఊ అన్నాను. రెండేళ్లుగా రోజూ అడుగుతారు. ఇవాళే ఎందుకో ఖాళీ రేకు వైపు చూసి అడిగినట్టనిపించింది.

జూలై 6

వారం నుంచి ఆవిర్లు లేవు. వేళ్లు వంగుతున్నాయి. ఇవాళ సీసాల మూతలు నేనే బిగించాను.

సాయంత్రం మాస్టారి దగ్గరకెళ్లి పుస్తకంలో రాశాను. "క్యాన్సర్ తర్వాత మాత్రల వల్ల రెండేళ్లు బాధపడ్డాను. మాస్టారి పొడి మూడు వారాలు వాడాను. పూర్తిగా తగ్గింది." సంతకం, పాల కేంద్రం పేరు. పాల కేంద్రం పేరు వద్దనుకున్నాను. మాస్టారే రాయమన్నాడు, ఈ చుట్టుపక్కల నా పరీక్ష అంటే అందరికీ గురి అట.

కొత్త పొట్లాలు తెచ్చి వంటింటి అలమారలో రేకు డబ్బాలో పెట్టాను.

జూలై 8

బాత్రూంలో నీళ్లు నిలిచిపోతున్నాయి. ఆయన జాలీ విప్పి శుభ్రం చేశారు. ఆ తర్వాత భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. అడిగితే నడుం పట్టిందన్నారు.

జూలై 13

డబ్బా అడుగున ఈసారి పొడి రాలలేదు. మాస్టారి చెయ్యి కుదిరినట్టుంది.

జూలై 20

కుట్టుపని చెల్లెలి దగ్గరకు జాకెట్టు కొలతలకెళ్లాను. సొంత చెల్లెలు కాదు, వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి. ఆపరేషన్ తర్వాత నా జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. ఎడమవైపు లోపల దూది కూరి, ఎంత వంగినా కదలకుండా. మొదటిసారి కొలత తీసుకున్నప్పుడు కూడా మొహం తిప్పుకోలేదు. "ఇటువైపు బట్ట కలిసొస్తుందక్కా" అంది. నేను నవ్వింది ఆ నెలలో అదొక్కసారే.

ఇవాళ టేపు మెడలో వేసుకుని నిలబడిపోయింది.

"నాక్కూడా ఉందక్కా. గడ్డ. పరీక్ష చేశారు, అదే అన్నారు. ఆగస్టు పద్నాలుగున ఆపరేషన్ అన్నారు. వెళ్లట్లేదు."

"ఎందుకు?"

"నువ్వే ఎందుకంటావేంటి? మాస్టారి పుస్తకంలో నువ్వు రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. నువ్వు ఊరికే సంతకం పెట్టే మనిషివి కాదు. మా అమ్మ పోసే పాలే ఎన్నిసార్లు తిప్పి పంపావో!"

నేను వెళ్లొద్దనలేదు, వెళ్లమనలేదు. నాకు తగ్గిన మాట నిజమే కదా.

నాకు తగ్గింది ఆవిర్లు. ఆ మాట చెప్పాల్సింది. ఈసారి వెళ్లినప్పుడు చెబుతాను.

జూలై 27

ఆవిర్లు మళ్లీ వచ్చాయి. మూడు రోజుల నుంచి. నిన్న నాలుగు, ఇవాళ అయిదు. పొద్దున లేవగానే వేళ్లు కర్రముక్కల్లా ఉన్నాయి.

మాస్టారు కళ్లు మూసుకుని నాడి చూశాడు. "భయపడకమ్మా. రోగం పోతూ పోతూ ఒకసారి తలుపు తట్టి పోతుంది."

పోయేవాడు తలుపు తట్టడం నేనెక్కడా చూడలేదు. వచ్చేవాడే తడతాడు.

జూలై 31

ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో చీటీ. ఆసుపత్రి దగ్గర బండి నిలిపిన చీటీ. గురువారం నాటిది. గురువారం సరుకులకని వెళ్లారు.

ఇంట్లో రోగిని నేను. నేను లేకుండా ఆసుపత్రిలో ఆయనకేం పని? నాకు చెప్పనిదేదో ఆయనకు చెప్పారు. మొన్న పరీక్షకిచ్చిన రక్తంలో ఏదో కనిపించి ఉంటుంది. ఆవిర్లు తిరిగి రావడం, ఆయన మాట తగ్గించడం, పళ్లెంలో ముక్కలన్నీ నాకే వడ్డించడం. అన్నీ ఒక వరసలో పెడితే ఒకటే అర్థం.

అడగను. అడిగితే అబద్ధం చెబుతారు. చెప్పేటప్పుడు ఎడమ చెవి గోక్కుంటారు. అది చూడలేను.

ఆగస్టు 2

ఏడుసార్లు.

ఆగస్టు 5

పొడి నాలుకకు అతుక్కుంటోంది. మొదట్లో ఇలా ఉండేది కాదు. గోరువెచ్చని నీళ్లలో వేస్తే జిగురుగా అడుగున కూర్చుంటోంది. ఇలా కూర్చునేది ఏమిటో నాకు తెలుసు. పాలల్లో నీళ్లు పోసినవాళ్లు లాక్టోమీటరుకు దొరక్కుండా ఏం కలుపుతారో, అది.

ఒక పొట్లం కేంద్రానికి పట్టుకెళ్లాను. అందరూ వెళ్లాక పొడిని నీళ్లలో కాచి, చల్లార్చి, ఒక చుక్క అయోడిన్ వేశాను.

నీలం. చిక్కటి నీలం. పిండి.

సీసా కడిగి మళ్లీ వేశాను. మళ్లీ నీలమే.

ధర్మాత్ముడి మొహం పెట్టుకుని, పైసా వద్దని చేతులు వెనక్కి పెట్టుకుని, చివరికి ఇదా! జనం పెరిగారు, ఆకు సరిపోలేదు, పిండి కలిపాడు. నీళ్ల పెద్దమ్మకు తగిన మాస్టారు.

ఆగస్టు 6

అయోడిన్ సీసా సంచీలో వేసుకుని మాస్టారింటికెళ్లాను. బెంచీ మీద ఇద్దరున్నారు. వాళ్ల ముందే అడిగాను.

"ఏ పిండి కలుపుతున్నారు?"

ఆయనకు కోపం రాలేదు. లేచి జాడీ మూత తీశాడు. "నువ్వే తీసుకో అమ్మా, ఎక్కడి నుంచి కావాలంటే అక్కడి నుంచి." అడుగు నుంచి తీశాను. వాళ్ల వంటింట్లోనే కాచాను. చుక్క వేశాను. గోధుమరంగులోనే ఉండిపోయింది. ఇంకో చుక్క వేశాను. నీలం రాలేదు.

నా పొట్లం ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశాడు. "కాగితం నాదే. ఈ లెక్క తప్పు చేసిన పిల్లవాడు కూడా గుర్తే." తర్వాత పొట్లం అటూ ఇటూ తిప్పాడు. తలకిందులు చేసి దులిపాడు. రవ్వంత రాలలేదు.

"కట్టింది మాత్రం నేను కాదమ్మా. నాకింత బాగా రాదు."

అప్పుడు చూశాను. మూల లోపలికి మడిచి, రెండో మూల దాని కింద నుంచి తెచ్చి, బొటనవేలితో ఒక్క నొక్కు. ముప్పై ఏళ్లుగా రోజూ చూస్తున్న మడత. నెల రోజులుగా నా చేత్తో విప్పుకుని తింటున్న మడత.

కంచే చేను మేసింది.

కొట్టుకొచ్చేసరికి మా ఆయన పక్కవీధి తాతకు చక్కెర కడుతున్నారు. పొట్లం బల్ల మీద పెట్టాను.

"ఇదెవరు కట్టారు?"

చూశారు. చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది.

"నేనే. వంకరగా కట్టాలనే చూశాను. నాలుగైదు చెడగొట్టాను కూడా. చెయ్యి వినలేదు."

"లోపలేముంది?"

"గోధుమపిండి. వాసనకు ఆయన పొడి చిటికెడు."

"ఇంకా?"

"నీ మాత్ర. నూరి కలిపాను. పొట్లానికొకటి."

తాత చక్కెర చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "నా దాంట్లో ఏమీ లేదు కదా నాయనా?"

"నువ్వెళ్లు తాతా."

"ఉంటే ఉందని చెప్పు, నాకూ మోకాళ్ల నొప్పులే" అంటూ వెళ్లాడు.

ఎప్పటి నుంచి అని అడిగాను. జాలీ శుభ్రం చేసిన రోజు నుంచి అన్నారు. సబ్బు మడ్డిలో అయిదు మాత్రలు సగం కరిగి అతుక్కుని ఉన్నాయట. కడిగి, ఆరబెట్టి, ఏమిటో పోల్చుకుని, అప్పుడు కూర్చుండిపోయారట.

"నన్నడగొచ్చుగా?"

"రోజూ అడిగాను. రోజూ ఊ అన్నావు."

"ఆసుపత్రికెందుకెళ్లారు?"

"మాత్రలకి. నీవి నువ్వు పారబోస్తుంటే నాకెక్కడివి? పాత మందుల చీటీతో షాపులో కొన్నవి అయిపోయాయి."

"నా రక్తం గురించి ఏం చెప్పారు?"

"నీ రక్తం మాట రాలేదు. డాక్టరమ్మ నన్నే తిట్టింది. చెప్పకుండా పెట్టడం తప్పు, ఆమె ఒళ్లు, ఆమె ఇష్టం, ఇవాళే వెళ్లి చెప్పండి అంది. అప్పుడే వారమైంది. చెబుదామనే ఉన్నాను."

"ఇరవై ఏళ్లుగా కల్తీ పట్టుకుంటున్నాను. నాకే కల్తీ పెట్టారు."

ఆయన త్రాసు తుడుస్తూ నిలబడ్డారు. అది తుడిచే ఉంది.

ఆగస్టు 7

మాట్లాడలేదు. అన్నం వేరుగా తిన్నాను. ఏమీ వేసుకోలేదు, పొడీ లేదు, మాత్రా లేదు. ఎవరూ పెట్టని అన్నం తినాలనిపించి నేనే వండుకున్నాను. ఉప్పు డబ్బా మూత తీసి వాసన చూశాను.

ఆగస్టు 8

కేంద్రంలో సీసాలు కడుగుతుంటే తట్టింది. ముందే తట్టాల్సింది.

మాత్ర మానేశాను, ఆవిర్లు తగ్గాయి. నాకు తెలియకుండా మాత్ర లోపలికెళ్లింది, ఆవిర్లు వచ్చాయి. మధ్యలో పొడి చేసిందేమిటి? ఏమీ లేదు. తగ్గింది పొడి వల్ల కాదు, మానినందుకు. ఒక శాంపిల్‌లో రెండు మార్చి ఫలితం ఒకదాని ఖాతాలో వెయ్యకూడదని కొత్తగా చేరినవాళ్లకు నేనే చెబుతాను.

దాని కింద నా సంతకం ఉంది. పాల కేంద్రం పేరు ఉంది.

ఆరు రోజులుంది పద్నాలుగుకి.

ఆగస్టు 9

పొద్దున కేంద్రం మూయగానే కుట్టుపని చెల్లెలి దగ్గరకెళ్లాను. మిషను మీద పరదా గుడ్డ. ఎదురుగా అలమారలో మాస్టారి పొట్లాలు, చుట్టూ రాలిన పొడి.

అంతా చెప్పాను. జాలీ సంగతి కూడా. సిగ్గేసింది, చెప్పాను.

ఆమె మిషను ఆపలేదు. "నువ్వు బాగానే ఉన్నావుగా అక్కా? క్యాన్సర్ వచ్చి బాగైనదానివి. నా కళ్లతో చూస్తున్నాను."

"ఎందుకు బాగున్నానో నీకు తెలియదా? ఎడమవైపు దూది కూరింది నువ్వే కదే."

మిషను ఆగింది. పరదా గుడ్డ ఒళ్లోకి లాక్కుని సూది కింద ఇరుక్కున్న దారం తీస్తూ కూర్చుంది. దారం ఎప్పుడో వచ్చేసింది. అయినా లాగుతూనే ఉంది.

"నాకెవరు కుడతారక్కా?"

"నువ్వే కుట్టుకో. ఇంకొకరు కుడితే నీకు నచ్చి చావదు" అన్నాను.

నవ్విందో ఏడ్చిందో, మొహం గుడ్డలో పెట్టుకుంది. తేదీ ఇంకా ఉందో ఎవరికైనా ఇచ్చేశారో అంది. కనుక్కుందాం పద అన్నాను. ఫోన్‌లో చాలాసేపు పాట వినిపించి, ఉందన్నారు.

అక్కడి నుంచి మాస్టారింటికి. పుస్తకం అడిగాను. ఇచ్చాడు. నా మాటల కింద రాయలేదు. కింద రాస్తే పేజీలో ఆ ముక్క వరకు చింపొచ్చు. రాసినదాని మీదుగానే, అడ్డంగా, పెద్ద అక్షరాలతో రాశాను. "క్యాన్సర్ తీసింది ఆపరేషన్. ఆవిర్లు తగ్గింది ఆసుపత్రి మాత్ర మానినందుకు. మానడం నా తప్పు." మళ్లీ సంతకం. చింపితే రెండూ పోవాలి.

మాస్టారు చదివాడు. "ఇలా రాస్తే ఇంకెవరు వస్తారమ్మా?"

"రావద్దనే."

"నేను మోసగాణ్ణనుకుంటున్నావా?"

చాలా రోజులు అనుకున్నాను. చుక్క వేసి చూశాను. పొడిలో కల్తీ లేదు. ఆయనలో ఉందో లేదో తేల్చే చుక్క నా దగ్గర లేదు. "అనుకోవడం లేదు మాస్టారూ. అదే భయం" అన్నాను.

ఆయన ఫొటో వైపు తిరిగి నిలబడ్డాడు. పుస్తకం బెంచీ మీదే వదిలి వచ్చేశాను.

ఆగస్టు 15

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నిన్న వెళ్లాను, ఆయనే బండి మీద దింపారు. దారిలో మాట్లాడుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు, గుంతలున్నాయి గట్టిగా పట్టుకో అన్నారు. పట్టుకున్నాను.

ఆగస్టు 20

నా పరీక్షలు. డాక్టరమ్మ ఏమీ లేదంది. మొహం కూడా అదే మాట అంటోందా అని చూశాను. అంటున్నట్టే ఉంది.

ఈ పుస్తకం చూపించాను. మొదటి పేజీ ఒక్కటే. చదివి, ఇదే పనికి ఇంకో రకం మాత్ర ఉంది, మార్చి చూద్దాం, ఆవిర్లు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు కూడా అంది. "ఇంత బాధపడుతూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది. మిగతా పేజీలు వేలితో అదిమి పట్టుకున్నాను.

ఆగస్టు 21

పొద్దున కాఫీ గ్లాసు పక్కన ఆయన చిన్న పొట్లం పెట్టారు. అదే మడత.

"ఏమిటిది?"

"మాత్ర. కొత్తది."

"మాత్రకు పొట్లమెందుకు?"

"ఊరికే ఇస్తే వేసుకోవేమోనని."

విప్పాను. ఒక మాత్ర. తెల్లగా, గుండ్రంగా ఉంది. రేకు తెమ్మన్నాను. తెచ్చారు. రేకు మీద పేరు, మాత్ర మీద అక్షరాలు కలిపి చూశాను. సరిపోయాయి. అయినా ఒక మూల కొరికి చూశాను.

చేదు.

"పిండి లేదు కదా?" అన్నారాయన.

మింగి, నోరు తెరిచి చూపించాను. ఆయన వంగి, కళ్లజోడు సర్దుకుని, నాలుక కింద కూడా చూశారు.